ఎగరెయ్యని రూపాయి

బావా,

అక్షర తప్పులకీ, ఈ వంకర రాతకీ ఏమీ అనుకోకు. నేను చదివింది ఐదో తరగతే.

నీ ఫైనాన్షియల్ ఇంజినీరింగ్ పీజీ ప్రాజెక్టు కోసం నా చేతిలో రూపాయి బిళ్ల పెట్టి, ఐదు వందల సార్లు ఎగరేసి రాయమన్నావు. బొమ్మ పడితే షేరు ధర ఒక మెట్టు పైకి, బొరుసు పడితే ఒక మెట్టు కిందికి. "రేపేటవుతాదో ఎవుడికీ తెల్దే. బజారు ఇలాగే నడుత్తాది," అని నవ్వావు.

ఇరవై సార్లు ఎగరేశాను. అన్నం మాడు వాసన వస్తే లేచాను. మిగతావన్నీ పొయ్యి దగ్గర నిలబడి తోచినట్టు రాసేశాను.

కాగితం చూసి నీ మొహం మారిపోయింది. "ఒకే పక్క వరసగా ఏడుసార్లు ఎక్కడా పడనేదేటే? నిజంగా ఎగరేత్తే పడి తీరతాది." తప్పు నీ లెక్కలోనే ఉందనుకుని నెల రోజులు వెతికావు. ఆసుపత్రి మంచం మీద కూడా అడిగావు, "అమ్మణ్ణీ, నిజంగానే ఎగరేసావేటి?" అని. నేను అవునని తల ఊపాను.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం నువ్వు కూర్చునే చోట కూర్చుని ఎగరేస్తున్నాను. నిన్న వరసగా తొమ్మిదిసార్లు బొమ్మే పడింది. బిళ్ల నీ చేతిలో ఉన్నట్టనిపించింది. నీ లెక్క సరైనదే బావా. అబద్ధం నాది.

మావయ్యా, మీ ఎదుట నిలబడి అడగలేక కింద రాస్తున్నాను. ఆడదాన్ని, సువర్ణరేఖ నది ఒడ్డున శ్మశానం ఘాట్‌కి నేను రాకూడదు కదా. రేపు కర్మకి మీరు వెళ్లినప్పుడు, మీ అబ్బాయిని కాల్చిన చోటే ఈ ఉత్తరాన్నీ కాల్చండి. ఇంకోలా పంపితే ఆయనకి చేరదు.