గట్టు మీద చెప్పులు

...ఈ కరువులో మనుషులకు గంజికేంద్రమైనా ఉంది, మేకలకు ఏముంది? కొంగలొస్తే వానొస్తుందన్న వాళ్లందరినీ ఈ అడుగంటిన చెరువులోనే పాతిపెట్టాలి.

అనుకుంటూ హుస్సేన్ బాషా గొడ్డలితో చెరువు గట్టుబాట ఎక్కాడు. కొంగలకు కాపలా ఉండే ఓబమ్మ కర్ర అడ్డం పెట్టింది.

“యాడికప్పా?”

“మేకలకు తుమ్మకొమ్మలు నరికేకి. జరుగవ్వా, లేదంటే నిన్నూ నరుకుతా.”

“ఆ తుమ్మల మీద కొంగల గూళ్లలో పిల్లలుండాయి.”

“నా మేకలకు లేవా పిల్లలు?”

ఓబమ్మ కర్ర తీసేసింది. “పో, నరుకు. నరికేటోనివి చెప్పులెందుకు ఇడిసినావు?”

అతను వెనక్కి చూశాడు. కొంగలు బెదరకూడదని ఊరంతా చెప్పులు విడిచే బండ దగ్గర తన చెప్పులూ ఉన్నాయి. ఎప్పుడు విడిచాడో గుర్తు లేదు.

ఓబమ్మను తిట్టుకుంటూ వెనక్కి నడిచి, వాటి పక్కన గొడ్డలిని చప్పుడు కాకుండా పెట్టాడు.