అందించిన మాట

పగలంతా పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనిచేసి వచ్చిన కరుణమ్మ, చీకటి పడ్డాక వసారాలో కూర్చుని పదో తరగతి పుస్తకం పైకి చదువుతోంది. అదే బట్టీలో పనిచేసి పోయినేడు చనిపోయిన భర్త సుధీర్ బాబే ఆమెను ఓపెన్ స్కూల్లో చేర్పించాడు. తెల్లవారితే పరీక్ష.

"కిరణజన్య..." దగ్గర నాలుక తిరగలేదు.

"సంయోగక్రియ," లోపలి గదిలోంచి ఎవరో మెల్లగా అందించారు.

కూతురు ప్రియ ఎప్పుడొచ్చిందో అనుకుంటూ ఆమె ముందుకు చదివింది.

కాసేపటికి వీధి తలుపు తోసుకుని ప్రియ వచ్చింది.

"ఇప్పుడే బస్సు దిగా. ఇంకా పడుకోలా ఏందమ్మా?"

కరుణమ్మ లోపలి గది వైపు తిరిగి చూసింది. గది గొళ్లెం బయటినుంచి పెట్టే ఉంది. ఆ మాట వెనకే వినబడ్డ సన్నని దగ్గు ఇప్పుడు గుర్తొచ్చింది. సున్నపు దుమ్ము దగ్గు, సుధీర్ బాబుది.

"ఇంకొక్క పేజీ ఉందే. నువ్వు అన్నం తిను."

ఈసారి తనకు బాగా తెలిసిన మాట దగ్గరే కావాలని ఆగి, గది వైపు చెవులు రిక్కించింది.