నాలుగో పెట్టె

"అన్నా, నీకు దండం పెడతాను. వాళ్ళు ఎటెళ్ళారో చెప్పు."

పార్కు గేటు దగ్గర టికెట్ల కట్ట సర్దుకుంటున్న గార్డు తలెత్తాడు. ఎదురుగా ఒకామె. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. ఫోన్‌లో ఫొటో చూపించింది. ఒక మగమనిషి, ఏడెనిమిదేళ్ళ పాప.

గార్డు వాళ్ళని పోల్చుకున్నాడు. ముప్పావుగంట క్రితం వాళ్ళకి టికెట్లు చింపి ఇచ్చింది తనే. ఆ మనిషి నాలుగడుగులకోసారి వెనక్కి చూడటం, పాప చెయ్యి బిగించి పట్టుకోవడం అప్పుడే తేడాగా అనిపించింది. పాప మణికట్టు మీద కాలిన మచ్చ కూడా కనిపించింది.

"మా ఆయన పాపని తీసుకుపోయి ఎనిమిది నెలలైందన్నా. ఊరూరూ తిరుగుతున్నాను. ఇద్దరికీ ఈ పెట్టెలు వెతికే ఆటంటే పిచ్చి. ఇదిగో, దీన్నిబట్టే వచ్చాను."

ఫోన్ తెర మీద ఆటలో వాళ్ళు పెట్టుకున్న 'తాబేళ్ళ జంట' అన్న పేరు. కింద, 'మొదటి పెట్టె దొరికింది.'

ఆ పార్కులో నడకబాట పొడవునా నాలుగు పెట్టెలు దాచి ఉంటాయి. ఫోన్‌లో దిక్కు చూసుకుంటూ వెతకాలి. దొరికాక లోపలి పుస్తకంలో ముద్దుపేరూ, టైమూ రాసి మళ్ళీ అక్కడే పెట్టాలి. కావాలంటే దొరికిందని ఫోన్‌లో కూడా పెట్టుకోవచ్చు. ప్రతి సోమవారం వాటిని తుడిచి సర్దేది గార్డే.

"పాప చేతిమీద మచ్చ చూశానమ్మా," అన్నాడు.

ఆమె తల దించుకుంది.

గార్డు పళ్ళు నూరాడు. "పోలీసులకి ఫోన్ కొట్టనా?"

"వాళ్ళొచ్చేలోపు జారుకుంటారన్నా! మళ్ళీ ఎక్కడని వెతకను?"

నిజమే. బాట చివర రెండో గేటు. అది దాటితే బస్సుల రోడ్డు. గార్డుకీ అంత కూతురుంది. కర్ర తీసుకుని బయల్దేరాడు.

మొదటి పెట్టె చెట్టు వేళ్ళ సందులో. 'తాబేళ్ళ జంట, మూడూ పది.'

రెండోది బోలు దుంగలో. 'మూడూ ముప్పై అయిదు.' పిల్లరాత. అక్షరాలు వంకరపోయాయి.

"ఎంత బెదిరిపోయిందో పిచ్చితల్లి," అన్నాడు గార్డు. ఆమె ఆగలేదు. అప్పటికే ముందుకెళ్ళిపోయింది.

మూడోది రాళ్ళ గుట్టలో. 'మూడూ యాభై అయిదు. ఇంక ఒక్కటే!' వేలితో రుద్దితే సిరా అంటుకుంది.

గార్డు కర్ర బిగించి పట్టుకున్నాడు. వాడి దగ్గర కత్తేదైనా ఉంటే? పాపని అడ్డం పెట్టుకుంటే?

"నాలుగోది ఎక్కడన్నా?" ఆమె గొంతులో ఏడుపు లేదిప్పుడు.

"వాగు మీద చెక్కవంతెన కింద."

ఆమె పరుగందుకుంది. గార్డు రొప్పుతూ వెనకే పరిగెత్తాడు.

ఇద్దరూ అక్కడే ఉన్నారు. పాప ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాస్తోంది.

"కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా!" గార్డు కర్ర ఎత్తాడు. "పాపా, భయపడకు. ఇటు రా. మీ అమ్మొచ్చింది."

ఆ మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. పాప ఒళ్ళోంచి పుస్తకం జారి వాగులో పడింది.

పాప తండ్రి వీపు వెనక్కి నక్కి, మచ్చ ఉన్న చేతిని ఇంకో చేత్తో కప్పుకుంటూ అంది: "జడ్జిగారు అమ్మని మా దగ్గరికి రావొద్దన్నారు కదా అంకుల్, మీరెందుకు తీసుకొచ్చారు?"