ముందంటే ముందట

"ఏ గాడిద నింపిందిరా ఈ బండిని?"

గేటు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. తిట్టు మాత్రం లోపలికి వచ్చేసింది. దాని వెనకాలే ఒక పాత ల్యాండ్ క్రూయిజర్, అందులోంచి తెల్ల మీసాల మనిషి ఒకడు దిగాడు. ఆ కేకకు పక్క విల్లాలో ఒంటె పాలివ్వడం మానేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

భూమేశ్ పరుగున వచ్చాడు.

రషీదియాలో ఆ అరబ్బు విల్లాకు కావలీ అతనే, తోటమాలీ అతనే. చలికాలం వస్తే వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, కుటుంబమంతా ఎడారిలో గుడారాలు వేసుకుంటుంది. వాళ్ళకంటే ఓ పూట ముందు వాళ్ళ క్యారవాన్ అక్కడికి చేరాలి. మంచాలూ, వంటగదీ అన్నీ ఉన్న చక్రాల ఇల్లది. కారు వెనక తగిలించి లాక్కుపోవాలి. పోయినేడు అది అల్ ఐన్ రోడ్డు మీద తోక ఊపి ఊపి పల్టీ కొట్టింది. సామాను నింపినవాడి వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేశారు. ఆ ఖాళీలోకే భూమేశ్ వచ్చాడు. ఈసారి బండికి ఏమైనా అయితే తనూ అదే విమానం ఎక్కాలి.

ఆఫీసు నుంచి మేనేజరు వేణుగోపాలరావు ఫోన్ చేసి చెప్పింది రెండే ముక్కలు. "ఇవాళ డ్రైవర్ని పంపిస్తున్నాను. బరువైనవి ముందు పెట్టు, తెలిసిందా?"

తెలిసిందనే అనుకున్నాడు భూమేశ్.

"నేనే నింపిన కాకా," అన్నాడు.

"నువ్వేనా? సూడు దాని మూతి! ఆకాశంల సుక్కలు లెక్కవెడ్తున్నది. బరువంత తోకకు గట్టినవ్. రోడ్డెక్కినంక పాము లెక్క మెలికలు తిరుగుతది. ఎన్కొచ్చెటోని పెండ్లాం పిల్లల ఉసురు ఎవలికి తాకుతదిరా?"

"గా ఆంధ్ర రావు సారు ముందు పెట్టుమన్నడు కాకా. అందుకే జనరేటరు, నీళ్ళ డ్రమ్ములు ముందుగాల ఎక్కిచ్చి, గా ఎన్క గోడకు ఆనిచ్చిన. దుప్పట్లు, దిండ్లు ఆఖరుకు..."

"ఓరి నీ తెలివి సల్లగుండ! ఆంధ్ర సారు ముందు అంటే ముందుగాల గాదురా, ముందట! ముందట!"

అంటూ క్యారవాన్ ముందు భాగం మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. ఆ దెబ్బలు తన వీపు మీదే పడ్డట్టయింది భూమేశ్‌కు. అరికాలి మంట నెత్తికెక్కింది. అరబ్బు తిడితే అర్థం కాదు, మలయాళీ తిడితే పట్టదు. సొంత యాసలో తిడితే మాత్రం ఎముకల్లోకి దిగుతుంది. కానీ పరాయి గడ్డ మీద ఇంటి భాషలో ఇంత హక్కుగా తిట్టే పెద్దమనిషికి ఎదురు చెప్పడమెలా?

"మీదే ఊరు కాకా? పేరేంది?" అన్నాడు, మాట మార్చి శాంతపరుద్దామని.

"పేరెందుకురా? పిల్లనిస్తవా? యల్లా, జల్ది దించు!"

దించాడు. మొత్తం దించాడు. పళ్ళు కొరుకుతూ మళ్ళీ ఎక్కించాడు. జనరేటరు, డ్రమ్ములు చక్రాల మీదికి, ఇంకాస్త ముందుకు, నేలబారుగా. బొగ్గు బస్తాలు వాటిని ఆనుకుని. తేలికవన్నీ వెనక్కి. ముసలాయన ఒక్క దిండు కూడా ముట్టుకోలేదు. నోరు మాత్రం క్షణం ఆగలేదు. అందులోంచి రాయదగిన తిట్లు నాలుగొస్తే, రాయకూడనివి నలభై.

"టీవీకి దుప్పటి సుట్టవా? పగిల్తె ఎవడు కొంటడు, నీ అయ్యనా?"

చుట్టాడు.

"గొలుసులు కత్తెర లెక్క ఏసి తగిలియ్యి. కొక్కెం ఊడినా మూతి వాటిమీదనే పడాలె. లైట్లు సూడు. ఒక్కటి ఎలగకున్నా పోలీసోడు ఆపుతడు. వాళ్ళతోటి మాట్లాడే ఓపిక నాకు లేదు."

ఎడమ లైటు వెలగలేదు. మళ్ళీ తిట్లు. వైరు సరిచేస్తుంటే వేలు తెగింది. అక్కడితో భూమేశ్ కట్ట తెగింది.

"ఏంది కాకా గీ లొల్లి! మీకెందుకింత కోపం? బండి మీదా, నాదా? అరబ్బోడిదాయె!"

ముసలాయన ఒక్క అడుగు ముందుకు వేశాడు. గొంతు మొదటిసారి తగ్గింది. తగ్గాక ఇంకా భయమేసింది.

"నా కొక్కేనికి తగిలినంక నాదేరా. నాది అనుకోనోడే తోకకు బరువు గడ్తడు."

భూమేశ్ తల దించుకున్నాడు. కోపం చల్లారలేదు కానీ, అందులోకి సిగ్గు కలిసింది. తన ఉద్యోగం కోసం ఈయన గొంతు చించుకుంటుంటే, తనేమో పళ్ళు కొరుకుతున్నాడు. వేలికి గుడ్డ చుట్టుకుని వెళ్ళి, తను దాచుకున్న యాలకులు దంచి మరీ చాయ్ పెట్టి తెచ్చాడు. మధ్యాహ్నానికని కట్టుకున్న రొట్టెలు కూడా ఆయన సీటు పక్కనే పెట్టాడు. ఆయన వద్దనలేదు. "చక్కెర తక్కువైంది," అని తిట్టి, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

గేట్లు రెండూ బార్లా తెరిచి, వీధి మొగదాకా ఎదురు నడిచి, వచ్చే కార్లను చెయ్యెత్తి ఆపి మరీ దారి ఇచ్చాడు భూమేశ్. క్యారవాన్ మలుపు తిరిగింది. ఊగలేదు. తోక ఇంత కూడా ఆడలేదు. అత్తారింటికి పోయే పిల్లలా తలవంచుకుని కారు వెంట వెళ్ళిపోయింది.

"నోరు పాడుగాను! ముసలోడు తిట్టి తిట్టి నా నౌకరి నిలవెట్టిండు," అనుకుంటూ వచ్చి, పైపు తీసుకుని మొక్కలకు నీళ్ళు పెట్టసాగాడు.

సగం తోట తడిసిందో లేదో, గేటు ముందు ఇంకో కారు ఆగింది, అందులోంచి దిగినతను చుట్టూ చూసి, "రావుగారు పంపించారండీ, నేను డ్రైవర్ని, క్యారవాన్ ఎక్కడుందీ?" అన్నాడు.