పాత ప్యాకింగ్

“చోక్ లాగి ఉంచి రేజ్ చేస్తే ఏ బండైనా పాడుతుంది. చోక్ మూసి చూపించు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మెకానిక్ చోక్ లోపలికి నెట్టాడు. ఇంజన్ ఒకసారి తడబడి, సర్దుకుని, నిమ్మళంగా తిరగసాగింది. ఇన్‌స్పెక్టరు ఇంటి షెడ్డు గోడకి ఆనుకుని నిలబడ్డ బావమరిది పెదవి విరిచాడు.

“బంగారంలా నడుస్తోంది కదా బావా!”

ఇన్‌స్పెక్టరు చెమట పట్టిన అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“తొందరపడకు. వేడెక్కనీ.”

ముప్పై ఏళ్లు తూనికలూ కొలతల శాఖలో పనిచేసిన మనిషి. ఎవరి త్రాసులోనూ తప్పు పట్టకుండా ఏ కొట్టు మెట్లూ దిగి ఎరగడు. రిటైరయ్యాక ఆయనకి మిగిలింది భార్య, కూతురు, ఈ పాత కారు. మూడు నెలల కిందట, ఆస్పత్రికి చేరడం ఆలస్యమై భార్య పోయింది. అంతకు నాలుగు రోజుల ముందే ఈ మెకానిక్ కారుకి, పెట్రోలూ గాలీ కలిపే కార్బురేటర్ మార్చాడు.

తల్లి పోయిన నాడు ఊళ్లో లేని కూతురు, వారానికే మేనమామ ఇంటికి వెళ్లిపోయింది. తండ్రి ఫోన్ చేస్తే ఎత్తదు. మేనమామతో ఒకటే మాటంది: “నువ్వు కళ్లారా చూసి చెప్పు మామయ్యా. తప్పు మెకానిక్‌దైతే ఆ క్షణమే ఇంటికెళ్తాను. పిసినారితనంతో పనికిరాని సామాను వేయించింది నాన్నే అయితే, ఇక ఆ ముఖం చూడను.”

అందుకే ముగ్గురూ ఇక్కడ చేరారు.

“కార్బురేటర్ తెచ్చిచ్చింది మీరే కదండీ,” అన్నాడు మెకానిక్ మెల్లిగా. “పాతది, వద్దని అప్పుడే చెప్పాను.”

“విన్నావా బావా?”

“విన్నాను. నాకేం చెవుడు లేదు. పాతదైతే చెడ్డదని ఎవడన్నాడు? విప్పి చూపించమను!”

అప్పుడే ఇంజన్ గొంతు మారింది. పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. దగ్గొచ్చినట్టు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

“ఇదే!” ఇన్‌స్పెక్టరు దాదాపు అరిచాడు. “ఆ రోజూ ఇదే బాగోతం. స్టార్టవుతుంది, గేటు దాకా వస్తుంది, ఆగుతుంది. అరగంట! వెనక సీట్లో ఆమె…”

బావమరిది తల దించుకున్నాడు. చివరికి పక్కింటాయన వ్యానులో తీసుకెళితే, అరగంట ముందు తెచ్చుంటే బతికేదని డాక్టరు చెప్పింది బావమరిదితోనే.

మెకానిక్ పనిలోకి దిగాడు. నిలవ పెట్రోలు ఇందాకే తీసి కొత్తది పోశాడు కాబట్టి దాని మీద అనుమానం లేదు. ఫిల్టరు చూశాడు, శుభ్రంగానే ఉంది. ప్లగ్గులు విప్పాడు. నాలుగూ సున్నం రాసినట్టు తెల్లగా ఉన్నాయి.

“పెట్రోలు చాలటంలేదు. లేకపోతే గాలి ఎక్కువవుతోంది,” అని గొణుక్కున్నాడు.

కార్బురేటర్ మూత విప్పి, లోపలి ఫ్లోటు ఎత్తు కొలిచాడు. పెట్రోలు చిమ్మే జెట్లు వెలుతురుకి పెట్టి చూశాడు. బావమరిదీ వంగి చూశాడు.

“దీంట్లో లోపమేముంది?”

“ఏమీ లేదండీ,” అన్నాడు మెకానిక్ ఒప్పుకోక తప్పక. “కొత్తదాని కంటే బాగుంది.”

ఇన్‌స్పెక్టరు మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

మూత బిగించి, ప్లగ్గులు వేసి, మళ్లీ స్టార్ట్ చేశారు. ఇంజన్ తడబడుతుండగానే మెకానిక్ నూనె డబ్బాతో కార్బురేటర్ అడుగున, అది ఇంజన్‌కి ఆనే చోట, నాలుగు చుక్కలు వేశాడు. నూనె జుర్రుమని లోపలికి పోయింది. ఇంజన్ ఒక్కసారిగా నిలకడగా తిరిగింది. చుక్కలు అయిపోగానే మళ్లీ తడబడింది.

మెకానిక్ ఇంజన్ ఆపి కార్బురేటర్ పూర్తిగా ఊడదీశాడు. కొత్త ప్యాకింగ్ అట్ట కింద, పాత అట్ట ముక్క ఒకటి గోరంత, మాడి అంటుకుని ఉంది. ఆ ఎత్తు వల్ల పక్కన సందు పడి గాలి పీలుస్తోంది.

“ఇది ఎవరి పని?” అన్నాడు బావమరిది.

“నాదే.”

“గీకలేదా?”

“గీకుతున్నానండీ. అమ్మగారు టీ తెచ్చారు. చల్లారిపోతుంది, ముందు తాగవయ్యా అన్నారు. సగంలో ఆపి తాగాను. తాగి…” అతను స్పానరు కింద పెట్టేశాడు. “తాగి, మిగతాది మర్చిపోయాను. టీ ఇచ్చిన తల్లిని చంపుకున్నాను.”

నూనె చేతుల్లో ముఖం దాచుకుని నేల మీద కూలబడ్డాడు. బావమరిదికే జాలేసింది.

“పోనీలే బావా. కావాలని చేశాడా?”

“లే,” అన్నాడు ఇన్‌స్పెక్టరు మెకానిక్‌తో. “సామాను తీసుకుని బయటికి నడు. నేను బతికుండగా ఈ గేటు తొక్కకు.”

మెకానిక్ పెట్టె సర్దుకున్నాడు. గేటు దగ్గర వెనక్కి తిరిగి చేతులు జోడించాడు. ఇన్‌స్పెక్టరు అటు చూడలేదు.

బావమరిది ఆయన చేతులు పట్టుకున్నాడు. “అనరాని మాటలన్నాను బావా. నువ్వే మా అక్కని పొట్టన పెట్టుకున్నావని ఊరంతా చెప్పాను.”

“నువ్వొక్కడివేనా అన్నది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బావమరిది కళ్లు తుడుచుకుని ఫోన్ తీశాడు. “అమ్మా, నేనే చూశాను. మీ నాన్న తప్పు వెంట్రుకవాసి కూడా లేదు. ఇదిగో, మాట్లాడు.”

అవతల కూతురు వెక్కి వెక్కి ఏడుస్తోంది. “నాన్నా, నన్ను క్షమిస్తావా?”

“ఏడవకు. ఇంటికొచ్చెయ్,” అన్నాడు తండ్రి.

భార్య పోయిన ఆ పొద్దున, ఆమె అరగంట సేపు ఎంత బతిమాలినా ఆయన అసలు కారు తీయనే లేదు.