మత్తు దిగని మనిషి

"కురుమయ్యా! ఓ కురుమయ్యా! కండ్లు తెరువు!"

పిలిచి పిలిచి నర్సు రాధమ్మ గొంతు ఎండిపోయింది. మంచం మీది కుర్రాడు ఉలకడు, పలకడు.

తొడలో గడ్డ కోసి చీము తీయడం ఎంతసేపని? యుద్ధం నుంచి తిరిగొచ్చిన డాక్టరు నరంలోకి కొత్త మత్తుమందు ఎక్కించాడు. సూది బయటికి తీసేలోపే కుర్రాడు నిద్రలోకి జారుకున్నాడు. కట్టు కట్టేసరికి లేస్తాడన్నారు. కట్టు కట్టి, గిన్నెలు కడిగి, నేల తుడిచినా లేవలేదు. రాధమ్మకు కాలు నిలవడం లేదు.

నాడి కొట్టుకుంటోంది. ఊపిరి ఆడుతోంది. మరి ఈ మొద్దునిద్ర ఏమిటి?

డాక్టరు మొహంలో నెత్తురుచుక్క లేదు. మూల కూర్చున్న తల్లి ఈదమ్మను నిలదీశాడు.

"కల్లు తాగుతాడా?"

"లేదు సారూ."

"నొప్పికని నల్లమందు గానీ పెట్టావా?"

"అయ్యో, దేవునితోడు! పెట్టలే."

"మనిషి బక్కగా ఉన్నాడు. మందే ఎక్కువైందేమో" అని గొణుక్కున్నాడు డాక్టరు.

రాధమ్మకు మాత్రం ఈదమ్మ మీదే అనుమానం. పొద్దున కొడుకు పేరు అడగకముందే అరిచినట్టు చెప్పింది, వాకిట్లో ఎవరికో వినిపించాలన్నట్టు. ఇప్పుడేమో క్షణానికోసారి గుమ్మం వైపు చూస్తోంది.

"అవ్వా, నువ్వన్నా పిలువు. కన్నతల్లి గొంతు ఇంటే లేస్తడేమో."

"నువ్వే పిలువు తల్లీ. జర గట్టిగ పిలువు."

రాధమ్మకు ఒళ్లు మండింది. తల్లేనా ఈమె!

"ఏం దాస్తున్నవ్? పిల్లగాడు గిట్లనే పోతే ఏం జేస్తవ్?"

ఆ మాటకు ఈదమ్మ దిగ్గున లేచింది. తలుపు మూసింది. కొడుకు తల మీద కొంగు కప్పి, తనూ అందులోకి తల దూర్చి, చెవిలో ఏదో గుసగుసలాడింది. మళ్లీ మళ్లీ అదే మాట.

కుర్రాడి రెప్పలు కదిలాయి.

"అవ్వా... నీళ్లు."

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. రాధమ్మకు ఏడుపొక్కటే తక్కువ. ఈదమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏం చెప్పినవ్ అవ్వా?"

ఈదమ్మ మూసిన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"వీని అసలు పేరు పిలిచిన తల్లీ... కురుమయ్య గత్తర రోగంల పోయిన నా పెద్దోడు. సావు వాకిట్లకొస్తే, వీన్ని ఎప్పుడో తీస్కపోయిన గదా అని మర్లిపోతదని ఆ పేరు చెప్పిన."