వాటర్ ట్యాంక్ దగ్గర లెఫ్ట్

“టర్న్ లెఫ్ట్ ఎట్ ద వాటర్ ట్యాంక్.”

కిష్టమ్మ పదోసారి అన్నది. ఈసారి తప్పు పోలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో యాభై దాటింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లంతా ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లు. ఆమె మొదటిరోజే టీచర్ తేజస్వినితో చెప్పేసింది.

“నాకు వేరేదేం వద్దు బిడ్డా. ఎల్బీ నగర్ నుంచి అల్మాస్‌గూడల మా ఇంటికి తొవ్వ చెప్పొస్తే చాలు.”

“ఎవరొస్తున్నారమ్మా?”

“స్వీడన్ నుంచి ఒకామె.”

కిష్టమ్మ ఇంట్లో గుడ్డ సంచులు కుడుతుంది. పెద్ద ఆర్డరేదో తగిలిందని తేజస్విని సంబరపడింది. “లొకేషన్ పంపితే సరిపోతుంది కదా?”

“వద్దు. నా నోటితోనే చెప్పాలె.”

నెల రోజులు బస్సులో, కుట్టుమిషన్ ముందు అవే మాటలు. భర్త అంతయ్య వింటుండగా మాత్రం పెదవి కదిపేది కాదు. ఎంబ్రాయిడరీ నేర్చుకుంటున్నానని అతనికి చెప్పింది.

ఆ రోజు రానే వచ్చింది. అంతయ్య డ్యూటీకి పోగానే కొత్త చీర కట్టుకుని, సందు మొదట్లో వాటర్ ట్యాంక్ కింద నిలబడింది. పదకొండింటికి ఫోన్ మోగింది. ఇంగ్లీషులో సన్నటి గొంతు. ఎల్బీ నగర్ చేరిందట.

“గో స్ట్రెయిట్,” అన్నది కిష్టమ్మ. “టర్న్ రైట్ ఎట్ ద సిగ్నల్.”

ఒక్కో మలుపూ చెప్పి కారును దగ్గరికి తెచ్చుకుంది. అదిగో, తెల్ల కారు.

అప్పుడే పక్కన స్కూటర్ ఆగింది.

“ఎండల నిలబడ్డవేందే?” అంతయ్య! జ్వరమొచ్చి డ్యూటీ మధ్యలో తిరిగొచ్చాడు. “ఫోన్ల ఎవలు?”

“లెఫ్ట్ హియర్?” ఫోన్‌లో గొంతు అడిగింది.

కిష్టమ్మ ఫోన్‌ను చెవికి అదుముకుంది.

“నో. గో స్ట్రెయిట్.”

కారు బారెడు దూరంలోంచి సాగిపోయింది. వెనక సీట్లో ముప్పయ్యేళ్ల అమ్మాయి ఫోన్ చెవికి ఆనించుకుని ముందుకే చూస్తోంది. కారు బాలాపూర్ వైపు కనుమరుగయ్యాక కిష్టమ్మ ఫోన్ స్విచ్చాఫ్ చేసింది.

“ఎవలో తొవ్వ అడిగిన్రు. పా, ఇంటికి పోదాం,” అంటూ స్కూటరెక్కింది.

పెళ్లికి ముందు కని, బొడ్డూడక ముందే అనాథాశ్రమంలో వదిలేస్తే స్వీడన్ వాళ్లు పెంచుకున్న కూతురి ముఖాన్ని కిష్టమ్మ మళ్లీ చూసింది ఆ ఒక్క క్షణమే.